ఫిస్టులా ఆపరేషన్‌కి ముందు పీఆర్పీ: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లకి సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లల్లో ఆడవాళ్లు పైకి చెప్పుకోని జబ్బు ఒకటుంది. కష్టమైన కాన్పు తర్వాతో, గర్భసంచి ఆపరేషన్ తర్వాతో మూత్రసంచికీ యోనికీ మధ్య చిల్లు పడుతుంది. దాన్నే డాక్టర్లు ఫిస్టులా అంటారు. రాత్రీ పగలూ మూత్రం కారుతూనే ఉంటుంది. తొడలు ఒరుసుకుపోతాయి, వాసన వస్తుందన్న భయంతో పేరంటాలకీ పెళ్లిళ్లకీ వెళ్లడం మానేస్తారు. కొందరు ఇంట్లోనే విడిగా పడుకుంటారు. ఏళ్ల తరబడి ఇలా బతికినవాళ్లూ ఉన్నారు. ఇది ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు.

ఆ ఆపరేషన్‌కి ముందు చిల్లు చుట్టూ ఉన్న కండని బాగుచేయడానికి కొందరు డాక్టర్లు పీఆర్పీ ఇంజెక్షన్ ఇస్తున్నారు. పూర్తి పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. మన రక్తమే కొంచెం తీసి, మిషన్‌లో తిప్పి, గాయం మానడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి, మళ్లీ మనకే ఇస్తారు. ఇలాంటి ఆడవాళ్లకి తోడుగా ఆస్పత్రులకి వెళ్లేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పీఆర్పీ మాట వినగానే రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. కొందరు 'ఒక్క సూదితో అయిపోతుందట' అని ఆపరేషనే వద్దనుకుంటారు. ఇంకొందరు 'ఉన్న రక్తమే లేదు, ఇంకా తీస్తారా' అని భయపడి వెనక్కి వచ్చేస్తారు. రెండూ నష్టమే. నాటు వేసే ముందు మడిని దమ్ము చేస్తాం కదా, పీఆర్పీ పని అంతవరకే. అసలు పని ఆపరేషన్‌ది. అందులోనూ మొదటి ఆపరేషన్‌కే గెలుపు అవకాశం ఎక్కువ. ఒకసారి తప్పితే చిల్లు చుట్టూ మచ్చ కట్టి, రెండోసారి కుట్టడం ఇంకా కష్టమవుతుంది. అందుకే ఆ మొదటి ఆపరేషన్‌కి ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏం అడగాలో వరసగా రాస్తున్నాను. ఇంజెక్షన్ ఇచ్చేది, కుట్టేది డాక్టర్లే. మిగతా పని చాలావరకు మన చేతిలో ఉంటుంది.

మలద్వారం దగ్గర వచ్చే భగందరాన్ని కూడా ఫిస్టులా అనే అంటారు. దాని వైద్యం వేరు. ఇక్కడ రాసేదంతా మూత్రం కారే ఫిస్టులా గురించే.

మొదటి మెట్టు: కారుతున్నది ఎక్కడినుంచో తేల్చుకోవడం

దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే మాత్రమే మూత్రం జారుతోందంటే అది సాధారణంగా ఫిస్టులా కాదు, కండ వదులవడం. పడుకున్నా లేచినా ఆగకుండా కారుతుంటే ఫిస్టులాని అనుమానించాలి. కాన్పు రెండు మూడు రోజులు సాగి బిడ్డ తల కటి ఎముకల మధ్య ఇరుక్కుపోతే, ఆ ఒత్తిడికి మూత్రసంచి గోడకి రక్తం అందక కండ చచ్చిపోతుంది. అది ఊడిపడి చిల్లు బయటపడడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. గర్భసంచి ఆపరేషన్‌లో తగిలిన దెబ్బ అయితే తరచుగా వారం, రెండు వారాల్లో కారడం మొదలవుతుంది. మన వైపు ఈ రెండో కారణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 లెక్కల్లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే ఆంధ్రలో 8.9 శాతం. సరిహద్దు ఇవతల ఉన్నా, మన వాళ్లు ఆపరేషన్లకి వెళ్లేది ఎక్కువగా అవతలి ఊళ్లకే.

ఆపరేషన్ లేదా కాన్పు అయిన కొద్ది రోజుల్లోనే కారడం మొదలైతే ఒక్క రోజు కూడా ఆగకండి. చిల్లు చిన్నదై, కొత్తదై ఉంటే మూత్రసంచిలో కేథటర్, అంటే మూత్రం బయటికి పోయే సన్న గొట్టం, పెట్టి కొన్ని వారాలు ఉంచితే దానంతట అదే మూసుకుపోయే అవకాశం కొందరికి ఉంటుంది. ఆ అవకాశం మొదట్లోనే ఉంటుంది, నెలలు గడిచాక ఉండదు. 'కుట్లు మానాక తగ్గిపోతుందిలే' అని ఎవరైనా ఇంటికి పంపేస్తే ఇంకో డాక్టరుకి చూపించండి.

ఆస్పత్రిలో చేసే ముఖ్యమైన పరీక్ష రంగు పరీక్ష. యోనిలో దూది ఉండలు వరసగా పెట్టి, కేథటర్ ద్వారా మూత్రసంచిలోకి నీలం రంగు నీళ్లు ఎక్కిస్తారు. లోపలి దూదికి నీలం అంటితే చిల్లు మూత్రసంచికి ఉన్నట్టు. దూది తడిసి నీలం రాలేదంటే కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. అప్పుడు వైద్యమే మారిపోతుంది. చిల్లు చుట్టూ పీఆర్పీ ఇవ్వడం దానికి పరిష్కారం కాదు, కిడ్నీ పాడవకుండా ముందు ఆ గొట్టం సంగతి చూడాలి. ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. అందుకే సిస్టోస్కోపీ, అంటే సన్న కెమెరాతో మూత్రసంచి లోపల చూడడం, అవసరమైతే సీటీ స్కాన్ చేసి, చిల్లు ఎంత పెద్దదో, ఎన్ని ఉన్నాయో, గొట్టాలకి ఎంత దూరంలో ఉందో రాసిస్తారు. ఆ కాగితం లేకుండా పీఆర్పీ మాట ఎవరు ఎత్తినా ఒప్పుకోకండి.

గర్భాశయ ముఖ కేన్సర్‌కి కరెంటు పెట్టించుకున్నవాళ్లకి, అంటే రేడియేషన్ అయినవాళ్లకి, ఫిస్టులా ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. వాళ్లకి ముందు ముక్క తీసి పరీక్ష చేసి, కేన్సర్ మళ్లీ రాలేదని తేల్చాలి. పీఆర్పీలో ఉండేవి కణాలు పెరగడానికి తోడ్పడే పదార్థాలు. కేన్సర్ ఉందన్న అనుమానం ఉన్నచోట వాటిని ఇవ్వకూడదు.

రెండో మెట్టు: ఆస్పత్రి, కార్డు, కాగితాలు

గజపతి, గంజాం జిల్లాల వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్, మల్కన్‌గిరి వాళ్లకి కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ దగ్గర. యూరాలజీ డాక్టరు చూడాల్సిన కేసైతే కటక్ ఎస్‌సీబీ, భువనేశ్వర్ ఎయిమ్స్, విశాఖ కేజీహెచ్ ఉన్నాయి. భాష, బంధువుల ఇల్లు, రైలు చూసుకుని మన వాళ్లు ఎక్కువగా విశాఖ వైపే మొగ్గుతారు. తప్పేం లేదు. కానీ పీఆర్పీ చేసే చోట, ఆపరేషన్ చేసే చోట ఒకే డాక్టర్ల బృందం ఉండేలా చూసుకోండి. ఒక ఊళ్లో సూది, రెండు నెలల తర్వాత ఇంకో ఊళ్లో కుట్లు అంటే మొదట కండ ఎలా ఉందో రెండో డాక్టరుకి తెలియదు.

ఇప్పుడు చిన్న పట్నాల్లో కూడా జుట్టు రాలడానికి, మోకాళ్ల నొప్పికి పీఆర్పీ ఇచ్చే క్లినిక్కులు ఉన్నాయి. అక్కడ మిషన్ ఉంది కదా అని ఫిస్టులాకి వెళ్లకండి. తలలో సూది వేయడం వేరు, మూత్రసంచి గోడలో వేయడం వేరు.

డాక్టరుని మొహమాటం లేకుండా అడగండి. ఫిస్టులా ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా? నా చిల్లుకి పీఆర్పీ ఎందుకు అవసరం అనుకుంటున్నారు? ఇవ్వకపోతే ఏం తేడా వస్తుంది? రక్తం ఎక్కడ తిప్పుతారు, బ్లడ్ బ్యాంకులోనా, థియేటర్ పక్కనా? సూది అయ్యాక ఎన్ని వారాలకి ఆపరేషన్? ఖర్చు ఎంత, కార్డులో వస్తుందా? జవాబు ఓపిగ్గా చెప్పే డాక్టరు దొరికితే సగం టెన్షన్ అక్కడే పోతుంది. 'అదంతా మీకెందుకమ్మా' అన్నచోట నేనైతే సంతకం పెట్టనివ్వను.

కార్డు విషయంలో సరిహద్దు ఇళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాతపట్నం పిల్లని పర్లాకిమిడి ఇస్తాం, మెళియాపుట్టి పిల్లని కాశీనగర్ ఇస్తాం. పిల్ల పేరు పుట్టింటి రేషన్ కార్డులో ఆంధ్రలో ఉండిపోతుంది, కాపురం ఒడిశాలో. జబ్బు వచ్చినప్పుడు రెండు వైపులా 'మీది ఇక్కడ కాదు' అంటారు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షల వరకు ఉంది. ఆయుష్మాన్ కార్డు పథకంలో చేరిన ఆస్పత్రుల్లో వేరే రాష్ట్రంలోనూ పనికొస్తుంది. కానీ మీ కార్డు, మీరు వెళ్లే ఆస్పత్రి రెండూ అందులో ఉన్నాయో లేదో ఆస్పత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో ముందే చూపించుకోండి. ఫిస్టులా ఆపరేషన్ ప్యాకేజీలో ఉన్నా, పీఆర్పీ సూది అందులో కలవకపోవచ్చు. ఆ మాట కాగితం మీద రాయించుకోండి. కోడలి పేరు ఏ కార్డులోనూ లేకపోతే జబ్బు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఎక్కించండి.

ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల్లో నిరామయ కింద మందులు, నిదాన్ కింద పరీక్షలు ఉచితం. చాలామంది ఈ సంగతి తెలియక బయట ల్యాబుల్లో డబ్బు పోసి వస్తారు. పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, స్కాన్లు, కార్డులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో తీసి ఉంచండి.

మూడో మెట్టు: ఒంటిని సిద్ధం చేసుకోవడం

పీఆర్పీలో మందు అంటూ బయటినుంచి ఏదీ రాదు. మన రక్తం ఎలా ఉంటే పీఆర్పీ అలా ఉంటుంది. అందుకని నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే.

ప్లేట్‌లెట్లు మామూలుగా మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. లక్ష కన్నా తగ్గితే డాక్టర్లు సాధారణంగా పీఆర్పీ వాయిదా వేస్తారు. మన కొండ జిల్లాల్లో ప్లేట్‌లెట్లు పడిపోవడానికి పెద్ద కారణం మలేరియా. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు వానాకాలం జ్వరాలు మీకు తెలిసినవే. డెంగీ కూడా అంతే. ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. రక్తం మళ్లీ కుదుటపడ్డాక సూది వేయించుకోవడం మంచిది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, సికిల్ సెల్ పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి. ఈ జిల్లాల్లో ఆ జబ్బు ఎక్కువ. సికిల్ సెల్ ఉంటే మత్తు ఇచ్చేటప్పుడు, నీళ్లు, ఆక్సిజన్ విషయంలో డాక్టర్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. వీటితో పాటు హిమోగ్లోబిన్, షుగర్, రక్తం గడ్డకట్టే పరీక్షలు, హెపటైటిస్, హెచ్‌ఐవీ, మూత్రం కల్చర్ రాస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గేదాకా సూదీ వద్దు, కుట్లూ వద్దు.

రక్తం తక్కువగా ఉందని తేలితే ఐరన్ మాత్రలు ఇస్తారు, మరీ తక్కువైతే సిరలోకి ఎక్కిస్తారు. మాత్ర వేసుకున్న గంట దాకా టీ తాగకండి, టీ ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు. తిండిలో రోజూ గుడ్డు, పప్పు, ఉలవలు, మునగాకు, ఎండు చేపలు, చోళ్ల అంబలి ఉండేలా చూడండి. ఇవి ఖరీదైనవి కావు, మన సంతల్లో దొరికేవే. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. బాలింతకి పథ్యం పేరుతో కారం అన్నం తప్ప ఏదీ పెట్టకపోవడం, దాహమేస్తే కూడా నీళ్లు కొలిచి ఇవ్వడం ఫిస్టులా ఉన్న మనిషికి విషంతో సమానం. ఆ మాట అత్తగార్లకి నేను ముఖం మీదే చెప్తాను. ఆ పథ్యం వల్ల ఎంతమంది ఎండిపోయారో చూశాను.

నీళ్లు తక్కువ తాగితే తక్కువ కారుతుందని అనుకుంటారు. నిజానికి మూత్రం చిక్కబడి చర్మాన్ని ఇంకా కాలుస్తుంది, వాసన పెరుగుతుంది, రాళ్లు కడతాయి. రోజుకి మూడు లీటర్ల దాకా తాగండి, గుండె, కిడ్నీ జబ్బులు ఉంటే డాక్టరు చెప్పినంత. చర్మం ఒరుసుకుపోకుండా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వాజలీన్ గానీ జింక్ ఆక్సైడ్ ఆయింట్‌మెంట్ గానీ రాయండి. పసరు మందులు, పటిక నీళ్లు, ఇంకేవీ లోపల పెట్టకండి. వాటివల్ల కండ మాడి, పీఆర్పీతో బాగుచేయాల్సిన భాగమే ఇంకా పాడవుతుంది.

పొగాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పెద్దామెలు చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఒడిశా వైపు పళ్లకి గుడాఖు అనే పొగాకు ముద్ద రాసుకుంటారు. రెండిట్లోనూ ఉండే నికోటిన్ సన్న రక్తనాళాలని బిగించేస్తుంది. కొత్త రక్తనాళాలు పుట్టించాలని సూది వేస్తూ, ఉన్న నాళాలని పొగతో మూసుకుంటే ఫలితం ఎలా వస్తుంది? సూదికి కనీసం నెల ముందు నుంచి, ఆపరేషన్ కుట్లు మానేదాకా పొగాకు ఏ రూపంలోనూ వద్దు. ఇది మానడం కష్టమని తెలుసు. ఇంట్లో మగవాళ్లు కూడా ఆ నెలలు బీడీ, ఖైనీ పక్కన పెడితే ఆమెకి సులువవుతుంది.

ఇంకొకటి, నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ లాంటివి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి. ప్లేట్‌లెట్ బతికేది వారం, పది రోజులు. కాబట్టి సూదికి వారం, రెండు వారాల ముందే ఇవి ఆపమంటారు. తలనొప్పికీ ఒంటినొప్పికీ పారాసిటమాల్ చాలు. మందుల షాపులో 'నొప్పికి ఏదైనా ఇవ్వు' అని అడిగితే చేతిలో పడేది చాలాసార్లు డైక్లోఫినాకే, జాగ్రత్త. గుండెకో, పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, ఆ డాక్టరుని అడిగే ఆపాలి.

నాలుగో మెట్టు: పీఆర్పీ రోజు

నెలసరి అయిపోయిన తర్వాతి రోజుల్లో తేదీ పెట్టించుకోవడం అనువుగా ఉంటుంది. మత్తు ఇస్తామంటే ఎన్ని గంటల ముందునుంచి తినకూడదో అడగండి. మత్తు లేకుండా, ఆ భాగం వరకే మొద్దుబార్చి చేసేట్టయితే ఏదైనా తిని, నీళ్లు బాగా తాగి వెళ్లండి, సిర సులువుగా దొరుకుతుంది.

రక్తం తీసేది సాధారణంగా 30 నుంచి 60 మిల్లీలీటర్లు. రక్తదానం చేసేటప్పుడు తీసేది 350. అందులో ఐదో వంతు కూడా లేదు కాబట్టి ఉన్న రక్తం పోతుందన్న భయం వద్దు. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన ట్యూబుల్లోకి తీస్తారు. ఆ ట్యూబుల మీద మీ పేరు, నంబరు రాశారో లేదో మీ కళ్లతో చూడండి. సిరంజీలు, ట్యూబులు కొత్త ప్యాకెట్ విప్పి తీయాలి. ఒకరి రక్తం ఇంకొకరికి కలిసే వీలు ఏ కొంచెమూ ఉండకూడదు.

తర్వాత సెంట్రిఫ్యూజ్ అనే మిషన్‌లో పెట్టి తిప్పుతారు. మొదట నెమ్మదిగా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి చేరి, పైన పసుపుపచ్చ ప్లాస్మా, మధ్యలో సన్నటి తెల్లపొర తేలుతాయి. పైదాన్ని వేరే ట్యూబులోకి తీసి, ఈసారి గట్టిగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైన తేటని తీసేసి, అడుగున మిగిలిన కొద్దిపాటి ప్లాస్మాలో వాటిని కలుపుతారు. అదే పీఆర్పీ. తీసిన రక్తంలో సుమారు పదో వంతు వస్తుంది, అందులో ప్లేట్‌లెట్లు మామూలు రక్తంలో కన్నా మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలని చూస్తారు. ఎంత వేగంతో, ఎంతసేపు తిప్పాలన్నది మిషన్‌ని బట్టి మారుతుంది. మరీ వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు ముందే పగిలి, దాచుకున్నదంతా ట్యూబులోనే వదిలేస్తాయి. అందుకే ఈ పని తెలిసిన మనిషి చేయాలి.

ఆ దాచుకున్నది ఏమిటంటే, పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, టీజీఎఫ్ బీటా లాంటి ఎదుగుదల పదార్థాలు. గాయమైన చోట ప్లేట్‌లెట్ పగిలితే ఇవి బయటికి వస్తాయి. కొత్త సన్న రక్తనాళాలు పుట్టడానికి, కొల్లాజెన్ పట్టడానికి సంకేతం ఇస్తాయి. ఫిస్టులా చుట్టూ కండ రక్తం అందక గట్టిపడి, తెల్లబడి ఉంటుంది. అలాంటి కండలో కుట్టు వేస్తే పట్టదు, చిరుగుతుంది. దాన్ని మెత్తగా, రక్తం ఆడేలా చేయాలన్నదే ఉద్దేశం.

తయారైన పీఆర్పీని గంటల తరబడి నిలవ ఉంచకూడదు, ఐసు పెట్టెలో పెట్టకూడదు. చల్లదనానికి ప్లేట్‌లెట్లు పాడవుతాయి. కాబట్టి 'బయట ల్యాబులో తయారుచేయించి తెండి' అని ఎవరైనా పంపితే, ఆ చోటు మార్చుకోవడం మేలు.

థియేటర్‌లో కాన్పు బల్ల మీద పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి, సన్న సూదితో చిల్లు అంచుల చుట్టూ పొర కింద నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం ఇస్తారు. కొందరు డాక్టర్లు మూత్రసంచిలోకి కెమెరా పెట్టి, లోపలివైపు నుంచి కూడా చూసుకుంటూ ఇస్తారు. సూది పని కొద్ది నిమిషాలే. తయారీతో కలిపి పూట పడుతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు, కానీ మత్తు ఇచ్చి ఉంటే ఆ రాత్రి ఆస్పత్రి దగ్గరే ఉండండి. కొండ ఘాట్ దారిలో రాత్రి ప్రయాణం వద్దు.

ఐదో మెట్టు: ఆరు నుంచి ఎనిమిది వారాల ఎదురుచూపు

సూది తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి, కొంచెం ఎరుపు మరక మామూలే. జ్వరం, చలి, చీము, గట్టి రక్తస్రావం, మూత్రం అసలు రాకపోవడం, నడుము పక్కన విపరీతమైన నొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఈ వారాల్లో భార్యాభర్తల కలయిక వద్దు, లోపల ఏదీ పెట్టకూడదు. సూది ఇచ్చింది కండలో మార్పు రావడానికి కాబట్టి, సూది అవగానే వెంటనే డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రల మీద పడకండి. మూడో మెట్టులో చెప్పిన తిండి, నీళ్లు, పొగాకు నియమాలు అలాగే కొనసాగించాలి.

ఈ గడువు ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. పోలండ్‌లోని లుబ్లిన్ డాక్టర్లు 2019లో ఒక చిన్న అనుభవాన్ని ప్రచురించారు. ఫిస్టులా ఉన్న 16 మంది ఆడవాళ్లకి చిల్లు చుట్టూ పీఆర్పీ ఇచ్చి, 6–8 వారాల తర్వాత యోని వైపు నుంచే చిల్లు మూసే లాట్జ్‌కో పద్ధతిలో కుట్టారు. అంతకుముందు 2013లో ఇరాన్ డాక్టర్లు ఆపరేషన్ లేకుండా పీఆర్పీ, రక్తం గడ్డకట్టించే పదార్థంతో చేసే ఫైబ్రిన్ జిగురు కలిపి కొద్దిమందికి వాడి చూశారు. ఫలితాలు ఆశ కలిగించాయి. కానీ మనుషులు తక్కువ, సూది లేకుండా ఆపరేషన్ చేసినవాళ్లతో పోల్చి చూసినవి కావు. కాబట్టి పీఆర్పీ ఇంకా అందరికీ ఇవ్వాల్సిన స్థిరపడిన వైద్యం కాదు. పాత మచ్చ ఉన్నవాళ్లకి, ఒకసారి ఆపరేషన్ తప్పినవాళ్లకి డాక్టరు సూచిస్తే నేను సరే అంటాను. చిల్లు చిన్నదై, కండ మెత్తగా ఉండి, డాక్టరు నేరుగా కుట్టేయవచ్చంటే సూది కోసం ఆపరేషన్ వాయిదా వేయించుకోనక్కర్లేదు.

కొందరికి ఈ వారాల్లో కారడం తగ్గుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, తేదీకి వెళ్లరు. తగ్గినా, ఆగినా, రంగు పరీక్ష మళ్లీ చేయించుకుని డాక్టరు చెప్పేదాకా నయమైనట్టు కాదు.

ఆరో మెట్టు: ఆపరేషన్, కేథటర్

గర్భసంచి తీసిన చోట పైన ఉన్న చిన్న చిల్లుకి లాట్జ్‌కో పద్ధతి, పెద్దదానికి పొరలు పొరలుగా కుట్టి, మధ్యలో పక్కనుంచి తెచ్చిన కొవ్వు ముక్క పెట్టే మార్టియస్ పద్ధతి ఉన్నాయి. కిడ్నీ గొట్టానికి దగ్గరగా ఉంటే పొట్ట కోసి చేయాల్సి రావచ్చు. ఏది ఎంచుకోవాలన్నది డాక్టరు నిర్ణయం, వదిలేయండి.

మనం వదలకూడనిది కేథటర్. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, కేథటర్ మూసుకుపోయి మూత్రసంచి ఉబ్బితే కుట్లు తెగుతాయి. సాధారణమైన కాన్పు ఫిస్టులాకి 7–10 రోజులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కష్టమైనవాటికి ఇంకా ఎక్కువ రోజులు ఉంచుతారు. తోడుగా ఉన్నవాళ్లు రాత్రి కూడా రెండు మూడు గంటలకోసారి చూడాలి. గొట్టం మడత పడిందా, ఒంటి కింద నలిగిందా, సంచిలోకి చుక్కలు పడుతున్నాయా? గంటసేపు పడకపోతే, పడక తడిస్తే, పొట్ట కింద బిగిస్తే వెంటనే నర్సుని పిలవండి. తెల్లారేదాకా ఆగకండి. వార్డులో ఒడియా రాదని మొహమాటపడి ఊరుకున్న తోడు మనుషులని చూశాను. 'పరిస్రా బంద్' అంటే చాలు, పరుగెత్తుకొస్తారు. సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. కేథటర్‌తోనే ఇంటికి పంపితే గుణుపురం ప్యాసింజర్‌లోనో బస్సులోనో కిక్కిరిసి రాకుండా, కూర్చునే చోటు ఉన్న బండిలోనే రండి.

ఇంటికి వచ్చాక

మూడు నెలలు కలయిక వద్దు. ఇది భర్తకి డాక్టరు చేతే చెప్పించండి, ఆమె నోట చెప్పిస్తే నిలవదు. బిందెలు, కట్టెల మోపులు, బియ్యం బస్తాలు ఎత్తకూడదు. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది. తర్వాత గర్భం వస్తే మొదటి నెలల నుంచే పెద్దాస్పత్రిలో చూపించుకోవాలి, కాన్పు సాధారణంగా సిజేరియనే. ఇంట్లో కాన్పు మాట ఎత్తకూడదు.

ఏళ్లు కారిన మనిషి ఒక్కరోజులో మామూలుగా అయిపోదు. పొడిగా ఉన్నా చాప తడుముకుంటూ లేచేవాళ్లున్నారు. నిద్ర పట్టక, ఏడుపు ఆగక బాధపడుతుంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

కేథటర్ తీశాక మొదటి కొన్ని రోజులు మూత్రం తరచుగా రావడం, ఆపుకోలేకపోవడం ఉండవచ్చు. మూత్రసంచి చాలాకాలం ఖాళీగా ఉండి ముడుచుకుపోయి ఉంటుంది, అది నెమ్మదిగా సర్దుకుంటుంది. కానీ పడుకున్నప్పుడు కూడా ఆగకుండా కారితే మాత్రం సిగ్గుపడి దాచుకోకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లాలి. కేథటర్ మళ్లీ వెంటనే పెడితే కొందరికి ఆ చిన్న లీకు కుట్లు విప్పకుండానే మూసుకుంటుంది. ఫోన్లో తీసిన ఫైల్ ఫొటోలు, ఆస్పత్రి నంబరు ఆమె దగ్గరే కాకుండా ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి.